జాడీ మీద సంతకం: పాత పనిని వెనక్కి తిరిగి చూసుకునే హక్కు ఎవరిది?

పేరున్న కళాకారుడికి వయసు మీద పడ్డాక అతని పాత పనినంతా ఒకచోట పోగేసి చూపించడం ఆనవాయితీ. చిత్రకారుడికైతే నలభై ఏళ్ల బొమ్మలతో ప్రదర్శన పెడతారు. కవికైతే సమగ్ర సంపుటం వేస్తారు. ఆయన వాటిని తిరగేసుకుంటూ కొన్నిచోట్ల మురిసిపోతాడు, కొన్నిచోట్ల సిగ్గుపడతాడు. అప్పుడెందుకలా రాశానో ఇప్పుడు తెలిసిందంటాడు. మన విమర్శకులు దీనికి ఆత్మావలోకనమని పెద్ద పేరు పెట్టారు. బాగానే ఉంది. మరి ఒక కుమ్మరి తన నలభై ఏళ్ల పనిని ఇట్లాగే చూసుకోవాలనుకుంటే ఎక్కడికి పోవాలి? కుండ అమ్ముడైపోయింది, లేదా పగిలిపోయింది. మిగిలిందేదైనా ఉంటే ఎవరింట్లో ఏ మూలన ఉందో తెలీదు. ఉన్నదాని మీద పేరు లేదు.

పేరు లేకపోవడాన్ని చేతివృత్తుల సహజ లక్షణమన్నట్టు చెప్పే పండితులున్నారు. భారతీయ శిల్పి అహం లేనివాడు గనక సంతకం చెయ్యలేదట! ఈ మాట వినడానికి ఆధ్యాత్మికంగా ఉంటుంది. రాయనివ్వని చోట, చదవనివ్వని చోట, చేసిన వస్తువు చేసినవాడిది కాని చోట సంతకం అనేది ఎట్లా పుడుతుందని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న అడగడానికి నేనిక్కడ ఒక నల్లజాతి కుమ్మరి పనిని చదవదలచుకున్నాను. పేరు డేవ్. ఊరు అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతం. స్థితి బానిస.

ఎవరీ డేవ్

డేవ్ 1800 ప్రాంతంలో పుట్టాడు. ఎడ్జ్‌ఫీల్డ్‌లో మంచి బంకమట్టి ఉంది, ఆవాలకు కావలసినంత కట్టె ఉంది, చాకిరీకి బానిసలున్నారు. ఈ మూడూ కలిసి అక్కడ పెద్ద జాడీల పరిశ్రమ లేచింది. బూడిద, మట్టి, ఇసుక కలిపి చేసిన పూత పూసి, నేలబారు పొడుగు ఆవాల్లో కాలిస్తే జాడీలు ఆకుపచ్చగానో గోధుమ రంగులోనో మెరుస్తూ బయటికొచ్చేవి. మన ఆవకాయ జాడీని మనసులో పెట్టుకుంటే ఆ తరహా తెలుస్తుంది. పరిమాణం మాత్రం మన ఊహకందదు. డేవ్ చేసిన వాటిలో అతి పెద్దవి 40 గ్యాలన్లవి, అంటే దాదాపు 150 లీటర్లు పట్టేవి. అంత మట్టిని సారె మీద ఒక్క ఊపులో లేపడం ఎవరివల్లా కాదు. అడుగు భాగం సారె మీద చేసి, పైన వరసలు వరసలుగా మట్టి పేర్చి, మళ్లీ తిప్పుతూ గోడ లేపాలి. ఒకరి పని కాదది. తోటలమీద పందిమాంసం, గొడ్డుమాంసం, కొవ్వు నిల్వచేసుకునేది ఈ జాడీల్లోనే. అంటే ఒక బానిస చేసిన జాడీలో పెట్టిన తిండి కొలతల ప్రకారం మరికొందరు బానిసల కడుపుల్లోకి పోయేది.

డేవ్ చాలామంది యజమానుల చేతులు మారాడు. వాళ్లలో హార్వీ డ్రేక్, లూయిస్ మైల్స్ ముఖ్యులు. బానిసత్వం రద్దయ్యాక అతను డేవిడ్ డ్రేక్ అని పేరు పెట్టుకున్నాడు. 1870 జనాభా లెక్కల్లో ఆ పేరుతోనే, సారె పనివాడిగానే కనిపిస్తాడు. ఆ దశాబ్దంలోనే పోయాడని అనుకుంటారు. జీవితమంతా కలిపి వేల సంఖ్యలో జాడీలు, కూజాలు చేసి ఉంటాడని పరిశోధకుల అంచనా. అతను పద్యం చెక్కినవి సుమారు నలభై మాత్రమే ఇప్పటికి తెలుసు.

అవును, పద్యమే. పచ్చి మట్టి మీద, మెడ కింద భుజం దగ్గర, పుల్లతో రాసిన రెండు పాదాలు. చివర తేదీ, పక్కన డేవ్ అని సంతకం. చాలావాటిమీద యజమాని మైల్స్ పేరుకి పొడి అక్షరాలు కూడా ఉంటాయి. ఒకే భుజం మీద పనివాడి పేరు, ఆ పనివాడిని కొనుక్కున్నవాడి పేరు. అమెరికా బానిస వ్యవస్థ మీద ఇంతకంటే క్లుప్తమైన వ్యాసం నేను చూడలేదు.

నిషేధం ముందు, నిషేధం తర్వాత

తేదీలు జాగ్రత్తగా చూడాలి. పద్యమున్న జాడీల్లో మనకు తెలిసిన మొదటిది 1834 జూలై 12 నాటిది. అదే ఏడాది చివర దక్షిణ కరోలినా ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బానిసకు చదవడం, రాయడం నేర్పకూడదు. నేర్పినవాడు తెల్లవాడైతే 100 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు. స్వేచ్ఛ పొందిన నల్లవాడైతే 50 దెబ్బల దాకా కొరడా, 50 డాలర్ల దాకా జరిమానా. బానిసే అయితే 50 దెబ్బల దాకా కొరడా. ఇది కొత్త బుద్ధి కాదు. 1739లో స్టోనో దగ్గర బానిసలు తిరగబడ్డాక 1740లో చేసిన చట్టంలోనే బానిసకు రాత నేర్పడాన్ని నేరం చేశారు. 1834 నాటిది దానికి మరింత బిగువు తెచ్చింది.

ఒకే నేరానికి మనిషి మెట్టును బట్టి శిక్ష మారడం మనకేమీ కొత్త సంగతి కాదు. మనుస్మృతి చదివినవాళ్లెవరికైనా ఈ లెక్క వెంటనే తెలిసిపోతుంది. చదువు మీద కాపలా పెట్టాలని రెండు సముద్రాల అవతలున్న దొరలకీ, ఇక్కడి భూదేవతలకీ విడివిడిగా ఒకే ఆలోచన ఎట్లా వచ్చింది? చదివినవాడు తన పేరు తనే రాసుకుంటాడు గనక. లెక్క అడుగుతాడు గనక.

అయితే ఇక్కడ మనం ఉత్సాహంలో ఒక తప్పు చెయ్యకూడదు. డేవ్ జాడీలు చాటుమాటు కరపత్రాలు కావు. అవి అంగడిలో అమ్ముడయ్యాయి. యజమాని కళ్లముందే అతను రాశాడు, యజమాని ఊరుకున్నాడు. బహుశా ఆ రాతవల్ల సరుక్కి గిరాకీ పెరుగుతుందనీ అనుకుని ఉంటాడు. కాబట్టి ప్రతి అక్షరాన్నీ తిరుగుబాటు బావుటాగా ఎగరేస్తే మనం డేవ్‌ని చదవడం లేదు, మన కోరికని చదువుకుంటున్నాం. నిజమేమిటంటే, అతను ఒక ఇరుకు సందులో నిలబడి రాశాడు. చట్టం కాదంటోంది, దొర లాభం కోసం కళ్లు మూసుకున్నాడు. దొర మనసు మారిననాడు ఆ సందు మూసుకుపోతుంది. ఆ ఇరుకులో ఒక మనిషి ఏం మాట్లాడగలిగాడన్నదే విమర్శకి అసలు ప్రశ్న.

ముప్పై ఏళ్ల దినచర్య

ఈ పద్యాలని విడివిడిగా చూస్తే చమత్కారాల్లా ఉంటాయి. వరసలో పెట్టి చూస్తే ఒక మనిషి రాసుకున్న దినచర్య అవుతుంది. 1834 నాటి మొదటి పద్యంలో ఉన్నది కొలత, ఈ జాడీ 14 గ్యాలన్లు పడుతుందని. పనివాడి గర్వమది. ఊరికే గొప్పలు కాదు, కావాలంటే పోసి చూసుకో అన్నట్టుంటుంది. 1840లో ఒక జాడీ మీద తను మైల్స్ దొరకు చెందినవాణ్ణని రాస్తాడు. వెంటనే రెండో పాదంలో ఆవం మండే చోటు గురించీ, కుండ ఉడికే చోటు గురించీ చెప్తాడు. విధేయుడి మాటలా ఉంది గదా? కానీ ఆగి చూడండి. నేను ఫలానావాడి సొత్తునని రాస్తున్న చెయ్యి సొత్తుది కాదు, మనిషిది. బల్ల తన యజమాని పేరు తను చెప్పుకోదు. ఎద్దు చెప్పుకోదు. ఆ వాక్యం రాయగలగడంతోనే ఆ వాక్యం అబద్ధమైపోయింది.

1857 ఆగస్టులో రాసినవి రెండు జాడీలున్నాయి. రెంటికీ మధ్య వారం రోజులు కూడా తేడా లేదు. ఒకదాని మీద, నా బంధువర్గమంతా ఎక్కడుందోనన్న ప్రశ్న వేసి, అందరితోనూ, అన్ని జాతులతోనూ స్నేహం కోరతాడు. రెండోదాని మీద, ఈ జాడీని డబ్బు కోసం చేశానంటాడు, డబ్బును పాడు చెత్త అంటారన్న మాట కూడా కలుపుతాడు. మొదటిది గుండెలో గునపం. బానిస సంతలో తల్లి ఒకచోటికి, బిడ్డ ఒకచోటికి అమ్ముడయ్యే లోకంలో ఒక యాభై ఏడేళ్ల మనిషి తనవాళ్లని అంగడి సరుకు మీద వెతుక్కుంటున్నాడు. ఎందుకని జాడీ మీద? బానిసకు ఊరు దాటే స్వేచ్ఛ లేదు. జాడీ మాత్రం బండ్లెక్కి తోట తోటకీ పోతుంది. తను పోలేని చోటికి తన ప్రశ్నని పంపాడు. అయినవాళ్లు ఎవరైనా చూస్తారేమో, చూసినా చదవగలరో లేదో.

రెండోదాంట్లో ఉన్నది చేదు నవ్వు. డబ్బు కోసం చేశాడు, నిజమే. ఎవరి డబ్బు? అతనికి కూలి ముట్టలేదు. ధనం చెత్త అని ఆదివారం గుళ్లో చెప్పే ధర్మం, సోమవారం పొద్దున మనిషిని వేలం వేసే ధర్మం ఒకటేనని రెండు పాదాల్లో తేల్చేశాడు.

1859 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్య దినం నాడు, పిల్లనగ్రోవులూ డప్పులూ మోగే రోజు వచ్చిందని ఇంకో జాడీ మీద రాశాడు. అంతకు ఏడేళ్ల ముందు, 1852లో, బానిసత్వం నుంచి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ ఆ పండగ బానిసకేమవుతుందని నిండు సభలో నిలదీశాడు. డేవ్ నిలదీయలేదు. సంబరమొచ్చిందని మాత్రమే రాసి, కింద తన సంతకమూ దొర పొడి అక్షరాలూ పెట్టాడు. డగ్లస్ అడిగిన ప్రశ్న ఆ రెండు పేర్ల మధ్య ఖాళీలో ఉంది.

పదిహేడేళ్ల ఖాళీ

1840 తర్వాత 1857 దాకా పద్యాలు దాదాపుగా కనిపించవు. జాడీలు చేస్తూనే ఉన్నాడు, పద్యం లేదు. ఎందుకో చెప్పే కాగితం లేదు. కొత్త దొర ఒప్పుకోలేదా? భయమా? ఏదైనా దెబ్బ తగిలిందా? ఊహలు చాలా ఉన్నాయి. నేను వాటి జోలికి పోను. నాకు ముఖ్యమనిపించేది, మళ్లీ మొదలెట్టినప్పుడు పద్యం మారింది. తొలినాళ్లలో కొలతలూ చమత్కారాలూ ఎక్కువ. 1857 తర్వాత బంధువులు, డబ్బు, దైవం, చావు వచ్చి చేరాయి. 1862 నాటి జాడీ మీద పశ్చాత్తాపం గురించిన హెచ్చరిక ఉంది. అప్పటికి అంతర్యుద్ధం నడుస్తోంది. అంటే ఆ ఖాళీలో అతను ఆలోచించడం మానలేదు. తన పాత పనిని తను ఎక్కడా చూసుకునే వీల్లేదు, జాడీలన్నీ పోయాయి. అయినా చేతిలో, చెవిలో పాత పద్యం బతికే ఉంది. ప్రదర్శనశాల లేనివాడి ఆత్మావలోకనం ఇట్లాగే ఉంటుంది. పాత పని ఎదురుగా ఉండదు, కొత్త పనిలో తిరిగొస్తుంది.

మేధావిని చేసి ఒంటరిని చెయ్యడం

1919లో ఛార్లెస్టన్ మ్యూజియం డేవ్ జాడీ ఒకదాన్ని సేకరించింది. అక్కణ్నుంచి నెమ్మదిగా అతన్ని తిరిగి కనుక్కోవడం మొదలైంది. 1998లో దక్షిణ కరోలినాలోనే అతని పని మీద పెద్ద ప్రదర్శన జరిగింది. 2021లో 1858 నాటి 25 గ్యాలన్ల జాడీని ఒక మ్యూజియం వేలంలో 15.6 లక్షల డాలర్లకు కొన్నది. 2022లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఎడ్జ్‌ఫీల్డ్ నల్లజాతి కుమ్మరుల ప్రదర్శన మొదలై, బోస్టన్ మీదుగా 2024లో అట్లాంటా దాకా వెళ్లింది.

సంతోషమే. కానీ ఈ సంబరంలో ఒక ప్రమాదముంది. డేవ్‌ని ఒక అపూర్వ మేధావిగా నిలబెట్టి మిగతావాళ్లని చీకట్లోకి నెట్టడం. 1859 మే 13న చేసిన 40 గ్యాలన్ల జాడీల మీద డేవ్ పేరుతో పాటు బ్యాడ్లర్ అని ఇంకో పేరుంది. డేవే రాశాడు ఆ పేరు. తన పక్కన మట్టి మోసి, గోడ లేపిన తోటి బానిసకు అతనిచ్చిన వాటా అది. దొర తన పొడి అక్షరాలు వేసుకుంటాడు గానీ పనివాళ్ల పేర్లు వెయ్యడు. పనివాడే తోటి పనివాడి పేరు వేశాడు. అదే ఎడ్జ్‌ఫీల్డ్‌లో తెల్ల కళ్లూ తెల్ల పళ్లూ పెట్టిన ముఖాల కూజాలు చేసినవాళ్లున్నారు. 1858లో వాండరర్ అనే ఓడ కాంగో ప్రాంతం నుంచి మనుషుల్ని దొంగతనంగా అక్కడికి తెచ్చింది. ఆ ముఖాలకూ ఆ మనుషుల నమ్మకాలకూ సంబంధం ఉందని పండితులు చెప్తున్నారు. చేసినవాళ్లలో చాలామంది పేర్లు లేవు. డేవ్‌ని చదవడమంటే ఆ పేర్లు లేనివాళ్లని కూడా చదవడమే.

మనకేమిటి?

దక్షిణ కరోలినా కుమ్మరితో మనకేం పని అంటారేమో. బానిసత్వం రద్దయిన ఎనిమిదేళ్లకు, 1873లో, పూలే తన ‘గులామ్‌గిరి’ని నీగ్రో బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేద్కర్ డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పేరు పెట్టుకున్నది బ్లాక్ పాంథర్స్‌ని చూసే. ఈ దారి మన పెద్దలు వేసిందే.

పైగా మట్టిపాత్ర మన చరిత్రలో అమాయకమైన వస్తువు కాదు. చండాలుడు పగిలిన పాత్రలో తినాలన్నాడు మనువు. పీష్వాల పూనాలో అంటరానివాడు తన ఉమ్మి నేలమీద పడకుండా మెడలో కుండ కట్టుకు తిరగాల్సొచ్చిందని అంబేద్కర్ 1936లో రాశాడు. 1927లో మహాద్ చెరువు నీళ్లు మనవాళ్లు తాగితే, దాన్ని శుద్ధి చెయ్యడానికి 108 కుండల్లో ఆవుపేడా మూత్రమూ పాలూ పెరుగూ తెచ్చారు. 1985లో కారంచేడులో చెరువు గట్టున మున్నంగి సువార్తమ్మ ఎత్తిన బిందె ఒక ఉద్యమానికే గుర్తయింది. పాత్ర ఎవరి చేతిలో ఉంది, దాని మీద ఏం రాసుంది అనేది మనకి ఎప్పుడూ రాజకీయమే.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మన ఊళ్లలో కుమ్మరి వెనకబడిన కులం, అంటరాని కులం కాదు. మాల మాదిగలకి కుండ అందించేటప్పుడు ఆ చెయ్యి కూడా దూరం పాటించింది. డేవ్‌ని తెచ్చి మన కుమ్మరి స్థానంలో కూర్చోబెడితే ఈ మెట్ల లెక్క మాయమైపోతుంది. పనిని బట్టి చూస్తే కుమ్మరి డేవ్‌కి చుట్టం. స్థితిని బట్టి చూస్తే మోట బొక్కెన కుట్టిన మాదిగ డేవ్‌కి చుట్టం. ఆ తోలు బొక్కెన, దాని తొండం లేకపోతే కరెంటు మోటార్లు రాకముందు మెట్ట ఊళ్లలో బావినీళ్లు పొలానికెక్కేవి కావు. వరి పండించినవాడి గురించి పద్యాలున్నాయి. నీరు పైకి తెచ్చిన తోలు మీద ఏ మాదిగ పేరు ఉంది?

కుమ్మరి మొల్ల సంగతే తీసుకోండి. రామాయణం రాసింది, తండ్రి ఆతుకూరి కేసన పేరు చెప్పుకుంది, తనకు శాస్త్రపాండిత్యం లేదంది. మన సాహిత్య చరిత్రకారులు ఆ చివరి మాటని పట్టుకుని వినయమంటూ మెచ్చుకున్నారు. జనం మాత్రం ఆమె పేరు ముందు కులాన్ని పెట్టి పిలుచుకున్నారు. మనం అడగవలసింది వేరే. పాండిత్యం లేదని ఆడది, అందులోనూ కింది కులపుదిగా జనం చెప్పుకునే మనిషి, ముందే ప్రకటించుకోవలసి రావడం ఎవరి ముందు? డేవ్ నేను దొరకు చెందినవాణ్ణని రాయడంలో ఏముందో, మొల్ల ఆ మాటలో కూడా అదేదో ఉంది. గుమ్మం దగ్గర తల వంచి, లోపలికొచ్చి పని చేసుకుపోవడం.

జాడీ తిరిగి ఇంటికి

2025లో బోస్టన్ మ్యూజియం తన దగ్గరున్న 1857 నాటి డేవ్ జాడీలు రెంటి యాజమాన్యాన్ని అతని వారసులకు అప్పగించింది. చేసినవాడికి తన పని మీద ఏ అధికారమూ లేని రోజుల్లో అవి చేతులు మారాయి గనక ఆ సొత్తు వారసులదేనని ఒప్పుకుంది. తర్వాత అందులో ఒకదాన్ని వాళ్ల దగ్గరే డబ్బిచ్చి కొనుక్కుంది, రెండోదాన్ని అరువుగా ఉంచుకుంది. కొన్నది ఏ జాడీనో తెలుసా? డబ్బు కోసం చేశానని అతను రాసిన జాడీని. నూట అరవై ఎనిమిదేళ్లకి ఆ డబ్బు అతని ఇంటికి చేరింది. ఇంకో జాడీ మీద నా బంధువులెక్కడ అని వేసిన ప్రశ్నకి ఒక జవాబు కూడా దాంతోపాటే వచ్చినట్టయింది.

దీన్ని మ్యూజియం దయ అనుకోనక్కర్లేదు. జాడీ మీద పేరుంది, తేదీ ఉంది. అందుకే వారసులు నిలబడి అడగగలిగారు. సంతకం లేని వందలాది కూజాల వారసులు ఎక్కడికెళ్లి అడగాలి? నూట యాభై ఏళ్ల కిందట ఒక బానిస పచ్చిమట్టి మీద పుల్లతో గీసిన నాలుగు అక్షరాలు ఒక దస్తావేజు అయ్యాయి.

మన విద్యార్థులకీ, కార్యకర్తలకీ, ఉపాధ్యాయులకీ ఇందులో పనుంది. మీ ఊళ్లో ముసలి కుమ్మరి, చెప్పులు కుట్టిన ముసలి మాదిగ, నేత నేసిన ముసలి మాల ఇంకా ఉంటే ఒకరోజు వాళ్లని వెంటబెట్టుకుని ఊరంతా తిరగండి. ఏ ఇంటి పెరట్లో ఏ గోలెం వాళ్లది, ఏ అటక మీద ఏ కాగు వాళ్లది, ఏ చావిట్లో ఏ తోలు వాళ్లు కుట్టిందో వాళ్లనే చూపమనండి. చూపినదాని పక్కన వాళ్ల పేరూ, ఏడూ రాసుకోండి. పక్కన పని చేసినవాళ్ల పేర్లు అడగండి, బ్యాడ్లర్లని వదిలెయ్యకండి. తమ పాత పనిని తాము తిరిగి చూసుకుని, ఇది నేను చేసిందని వాళ్లు చెప్పే మాట మనకి సాహిత్యం. మన సౌందర్యశాస్త్రం మొదలుకావాల్సింది అక్కణ్నుంచే.